బ్యాంగ్డ్ అప్ అంటే ఏమిటని అడిగితే

పొద్దున ఏడున్నరకు కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కాను. కిటికీ సీటు కావాలంటే ఏడింటికే రావాలి. నాకు మాత్రం ఆ ఊరు రాకపోతే బాగుండునని ఉంది.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. కిందటి వారం ఎల్లారెడ్డి నుంచి పాత విద్యార్థిని రాజమణి ఫోన్ చేసింది. దుబాయ్‌లో పనిచేసే ఆమె భర్త నరేశ్ ఫోన్ ఎత్తడం లేదు. అతని పైఅధికారి, లండన్ మనిషి, "నరేశ్ బ్యాంగ్డ్ అప్" అని మెసేజ్ పెట్టాడు. అర్థమేంటి సార్ అంది. దెబ్బలు తగిలాయట, ప్రాణభయం లేదులే అన్నాను. ప్రాణభయం సంగతి నా సొంత కవిత్వం. అమెరికా వాడుకలో ఆ మాటకు దెబ్బలు తగలడమే అర్థం. బ్రిటన్ వాడుకలో జైల్లో పడటం. నిన్న అనుమానమొచ్చి ఆ అధికారికే ఫోన్ చేశాను. కొట్లాటలో ఎవరినో కొట్టాడని లోపల వేశారట. ఫోన్లో రాజమణికి చెప్పడానికి నోరు రాలేదు.

తాడ్వాయిలో ఎక్కిన ఒక అవ్వ నా పక్కన కూర్చుంది.

"ఏంది బిడ్డా, మొఖం గట్ల ఏలాడేసినవ్?"

"ఒక మాట తప్పు చెప్పిన అవ్వా. సరి చేద్దామని పోతున్న."

"కాలు జారితే తీసుకోవచ్చు గని నోరు జారితే తీసుకోలేం" అని కునుకు తీసింది.

తొమ్మిదికి దిగాను. బస్టాండు ఎదుటి హోటల్లో ఉప్మా బాగుంటుందని చెప్పారు. నేను ఆగకుండా రాజమణి ఇంటికి నడిచాను.

రాజమణి చేట ముందేసుకుని బీడీలు చుడుతోంది. గోడవారగా కొత్త నవారు మంచం ఉంది.

"దెబ్బలు తగిలినోన్ని ఇంటికి తోలుతరు గద సార్. ఆయన పండుకోనీకె అల్లిచ్చిన."

సిగ్గుతో చచ్చిపోతూ ఉన్నదంతా చెప్పేశాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అయితే ఒంటికేం కాలేదా సార్?"

"కాలేదమ్మా."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "మా అత్తకు మాత్రం దెబ్బలనే ఉండనీయిండ్రి సార్. జైలంటే ఆమె పానం నిలువది" అంది.

కామారెడ్డికి పదకొండు గంటల బస్సు దొరికింది. ఒక్క పూటలో వెళ్లిరాగల ప్రయాణమే, దారీ బాగానే ఉంది. నాలాంటి పనిమీద మాత్రం ఎవరూ వెళ్లకూడదు. బస్సు కదలబోతుండగా పొలం బురద కాళ్లతో ఒక ముసలామె కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. రాజమణి అత్త.

"సారూ, మీకు ఇంగ్లీషు ఎరుకేనంట గద. మా నరేశ్ దెబ్బలు మానుతున్నయా?"

"మానుతున్నయి అవ్వా" అన్నాను. ఈసారి అర్థం తెలిసే చెప్పాను.