మామగారి తలపట్టీ

గుర్రం ఒంటి మీద పెట్టబోయేది ఏదైనా సరే, ముందు తన ఒంటి మీద పెట్టి చూస్తే తప్ప ఒప్పుకోని మనిషి ఆయన. ఆ గుర్రాలశాలకు పెద్ద. జీతాలు పంచే గుమాస్తాకు తప్ప ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కొత్త కంబళి వచ్చినా, కొత్త బ్రష్షు వచ్చినా "ఆగండాగండి, ముందు నా మీద చూడండి" అంటూ చెయ్యి అడ్డం పెట్టేవారు కనుక, ‘ముందునామీద’ అన్న పేరే స్థిరపడిపోయింది.

"గుర్రానికి నోరుందా? గుచ్చుకుంటే చెప్తుందా? నాకుంది. నేను చెప్తాను" అనేవారు.

ఆయనకు నోరుందన్న సంగతిని ఆ శాలలో ఎవరూ ఎప్పుడూ కాదనలేదు.

అలాగని ఆషామాషీ మనిషి అనుకోకండి. ఆ శాలలో పుట్టి పందేల్లో నెగ్గిన గుర్రాలు, కవాతుల్లో అన్నిటికంటే ముందు నడిచిన గుర్రాలు, మెడలో పతకాలు వేసుకుని ఫొటోలకు నిలబడ్డ గుర్రాలు, అన్నిటికీ బొడ్డు ఆరేదాకా కాపలా కాసింది ఆయనే. కడుపులో అడ్డం తిరిగిన పిల్లను లోపలే సరిచేసి బతికించిన చెయ్యి అది. మనుషుల్ని కరవడమే వృత్తిగా పెట్టుకున్న ఒక పొగరుబోతు గుర్రం, ఆయన అరచేతిలో బెల్లం పెడితే పెదవులతో అందుకునేది. చదువు ఊరిబడితో ఆగిపోయింది గానీ, నాలుగు గిట్టల జంతువు ఆయన దగ్గర దాచుకోగలిగిన రహస్యం ఒక్కటీ లేదు. ఇంత ఘనత ఉన్న మనిషికి ఒక్క పిచ్చి ఉంటే మాత్రం ఏం?

చూడి గుర్రాలకు కొత్త దాణా వచ్చిన రోజున ఆయన ఇంట్లో భోజనం మానేసి గిన్నెడు దాణా నమిలారు. "ఉప్పు తగ్గింది. తవుడు మాత్రం ఘుమఘుమలాడుతోంది" అని తీర్పు చెప్పారు. ఆ మాట విన్న ఆయన భార్య తాను వండిన కూరను మౌనంగా గుర్రాల తొట్లో పోసి వచ్చింది. "మీరు వాటిది తిన్నారు. మరి అవి ఎవరిది తింటాయి?" అంది.

కొత్త థర్మామీటరు వస్తే టక్కున నాలుక కింద పెట్టుకున్నారు. పక్కనే ఉన్న పశువుల డాక్టరు ముఖం అదోలా పెట్టారు.

"గుర్రానికి దాన్ని ఎక్కడ పెడతామో మీకు తెలుసు కదండీ?"

"తెలుసండి. అందుకే, వాడకముందే చూస్తున్నా."

మొండి గుర్రాన్ని కదలకుండా నిలబెట్టడానికి పైపెదవిని తాడుతో మెలిపెట్టే కర్ర ఒకటి ఉంటుంది. దాన్నీ వదల్లేదు. ఆ మెలికలో మీసం ఇరుక్కుంది. ఒకవైపు మీసం ఆ కర్రకే అంకితమైపోయింది. ఆ రోజే ఆ కర్రను విరిచి పొయ్యిలో పెట్టి, "ఇక ఈ శాలలో ఇది కనపడకూడదు" అని హుకుం జారీ చేశారు. రెండోవైపు మీసం తీసేయించడానికి మాత్రం ఇంటావిడ మూడు పూటలు మాట్లాడడం మానెయ్యాల్సి వచ్చింది.

ఆయన తన మీద పెట్టి చూడనిది ఒక్కటే, తోక కట్టు. ఆడగుర్రాన్ని మగగుర్రంతో దాటించే ముందు తోకను శుభ్రమైన పట్టీతో చుట్టి పక్కకు కడతారు. ఆయనకు తోక లేదు. భార్యకు జడ ఉంది. ఆ మధ్యాహ్నం ఆవిడ గోడవార కునుకు తీసి లేచేసరికి జడ మొత్తం తెల్లటి పట్టీతో, చివర చక్కటి ముడితో, సీజనుకు సిద్ధంగా ఉంది.

సీజను అంటే ఆడగుర్రాలు ఎదకు వచ్చే కాలం. ఏడాది పని అంతా ఆ కొద్ది వారాల మీదే నిలబడి ఉంటుంది. చలి ఉండగానే సన్నాహాలు మొదలవుతాయి. పొద్దు త్వరగా గుంకే రోజుల్లో గదుల్లో దీపాలు వెలిగించి ఉంచితే గుర్రాలు త్వరగా ఎదకు వస్తాయి. ఆ ఏడు మామగారు మంచం తీసుకెళ్ళి దీపం కింద వేయించుకున్నారు.

"ఈ దీపం కింద పడుకుంటే గుర్రానికి ఎద వస్తుంది సరే, మీకేం వస్తుంది?" అని అడిగింది ఆవిడ.

"కళ్ళ మంట వస్తోంది. దీపం కాస్త పైకి కట్టాలి."

మామగారు అంటున్నానంటే, ఈ కథంతా చూసింది వాళ్ళ అల్లుడు కనుక. అల్లుడిదీ ఆ శాలలోనే కొలువు, అదీ గుండె దిటవు ఉండాల్సిన కొలువు. ఆడగుర్రాన్ని దాటించేటప్పుడు దాని తల దగ్గర నిలబడి పగ్గం పట్టుకోవాలి. అక్కడ పట్టు సడలితే ఆడగుర్రం తిరగబడుతుంది, మగగుర్రం దెబ్బతింటుంది, సీజను బోర్లా పడుతుంది. పెళ్ళికి ముందు నుంచీ అతనిదే ఆ చోటు. "నా కూతుర్ని ఇచ్చింది ఆ చేతుల్ని చూసే. ముఖం తర్వాత చూశాను" అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు.

కిందటి సీజనులో ఆ చేతుల్లోంచే పగ్గం జారింది. బూడిదరంగు ఆడగుర్రం ఒక్కసారిగా పక్కకు తిరిగి అతన్ని చెక్కగోడకేసి అదిమి, డొక్కలో తన్నింది. ఎముకలు అతుక్కున్నాయి. డాక్టర్లు భేష్ అన్నారు. చేతుల సంగతి డాక్టర్లకు తెలియదు. పగ్గం పట్టుకుంటే చాలు, వేళ్ళు వాటంతట అవే వణకడం మొదలుపెట్టేవి.

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. పెళ్ళానికి కూడా. చెబితే యజమాని మంచివాడే, కోప్పడడు. గడ్డి గోదాములోకి మారుస్తాడు, అంతే. అక్కడ కూర్చుని మోపులు తూయించుకుంటూ, ఇంకొకడు తన చోట నిలబడడం కిటికీలోంచి చూడాలి. ఆ ఊహకే అతనికి అన్నం సహించేది కాదు. అందుకని సీజను పనుల్లో గుర్రంతో సంబంధం లేనివి ఏరుకునేవాడు. కడిగిన బకెట్లనే మళ్ళీ కడిగేవాడు. చెక్కగోడకు బిగించిన దిండ్లను దులిపేవాడు, మళ్ళీ దులిపేవాడు. ఎవరూ గమనించలేదనుకున్నాడు.

ఒక ఉదయం బకెట్ల దగ్గర తలెత్తి చూసేసరికి ఎదురుగా మామగారు. తలకు నల్లగా నిగనిగలాడే తోలు తలపట్టీ. చెవుల వెనక నుంచి బుగ్గల మీదుగా బిగించి, గడ్డం కింద మెరుస్తున్న కొక్కెం. కొక్కేనికి పగ్గం.

"బూడిదదాని కోసం కొత్తది. ముందు నా మీద చూడు అల్లుడూ."

"మీరు పెట్టుకునే ఉన్నారుగా మామయ్యా, ఇంకా నేను చూసేదేముంది?"

"పెట్టుకుంటే ఏం తెలుస్తుంది? పట్టుకుని నడిపిస్తే తెలుస్తుంది. తన పగ్గం తనే పట్టుకుని తిరిగే గుర్రాన్ని ఎక్కడైనా చూశావా?"

కాదనడానికి వీల్లేదు. పెద్దాయన. పైగా పిల్లనిచ్చినాయన. అల్లుడు పగ్గం అందుకుని ముంగిట్లో ఒక చుట్టు తిప్పాడు. ఉన్నట్టుండి ఆయన సకిలించి తల విదిల్చారు. పగ్గం గజగజలాడింది.

"పగ్గం వణుకుతోందే" అన్నారు మామగారు, ముందుకే చూస్తూ.

అల్లుడు పగ్గాన్ని రెండో చేత్తో కూడా పట్టుకున్నాడు.

"కొత్త తోలు కదా, మొదట్లో అలాగే ఉంటుంది. కొన్నాళ్ళు తిప్పితే సర్దుకుంటుంది. రేపు మళ్ళీ చూద్దాం" అన్నారాయనే.

ఆ ముంగిట్లోకే తెరుచుకునే వంటింటి గుమ్మంలోంచి అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. "అల్లుళ్ళు మామల నెత్తినెక్కుతారని విన్నాను గానీ, తలకు పగ్గం కట్టి తిప్పుతారని ఇప్పుడే చూస్తున్నా. బాబూ, పనయ్యాక విప్పకు. ఆ గుంజకు కట్టేసి ఉంచు, మధ్యాహ్నం దాకా నాకు ప్రాణం హాయిగా ఉంటుంది."

మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు మళ్ళీ. "పగ్గం పొడుగైనట్టుంది, దగ్గరికి జరుగు" అనేవారొకరోజు. "కొక్కెం మెడకు తగులుతోంది, ఇటుపక్కకి రా" అనేవారింకోరోజు. వస్తువుకు వంక పెట్టినప్పుడల్లా అల్లుడు ఒక అడుగు దగ్గరయ్యేవాడు. చివరికి గుర్రం పట్టేవాడు నిలబడవలసిన చోటికే, భుజం పక్కకే వచ్చి నిలబడ్డాడు. మామగారి వేషాలు కూడా ముదిరాయి. ముందుకాళ్ళు ఎత్తినట్టు చేతులెత్తి లేచేవారు. పక్కకు దూకేవారు. రొప్పుతూ, చెమటలు కక్కుతూ, "మంచి గుర్రాన్నే, కాస్త పొగరు" అని తనను తాను మెచ్చుకునేవారు.

"మామయ్యా, నెమ్మది. నెమ్మది మామయ్యా" అంటూ అల్లుడు మెడ నిమిరేవాడు. మొదట్లో సిగ్గుపడుతూ నిమిరేవాడు. తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

ఒకరోజు యజమాని డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ముంగిట్లో దృశ్యం చూసి ఇద్దరూ గేటు దగ్గరే ఆగిపోయారు.

"బూడిదగుర్రాన్ని చూద్దామని వచ్చాం. ఏదీ?" అన్నాడు యజమాని.

"ప్రస్తుతానికి నేనేనండి" అన్నారు మామగారు.

డాక్టరు దగ్గరికొచ్చి, ఆయన గడ్డం పట్టి పళ్ళు చూసి, చాలా విచారంగా తల ఊపారు. "వయసు మీరింది. ఈ సీజనుకు పనికిరాదు."

"ఆ కబురు మా ఆవిడ మీకంటే ముందే చెప్పిందండి."

అల్లుడు నవ్వాడు. దెబ్బ తగిలాక అతను అలా పగలబడి నవ్వడం అదే మొదలు. వంటింట్లో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

ఇక ఉన్ని జోళ్ళు. ఆడగుర్రం తన్నినా మగగుర్రానికి దెబ్బ తగలకుండా వెనక గిట్టలకు మందపాటి ఉన్ని జోళ్ళు తొడుగుతారు. మామగారు వాటిని తొడుక్కుని ముంగిట్లోకి దిగారు. ఒక చుట్టు బుద్ధిగా నడిచారు. రెండో చుట్టులో చెప్పాపెట్టకుండా గిర్రున తిరిగి, చెక్కగోడ వైపు అల్లుణ్ణి నెట్టి, వెనక్కి ఒక్క తన్ను తన్నారు. సరిగ్గా తొడ మీద. నిరుడు బూడిదగుర్రం తిరిగినట్టే తిరిగారు. ఆ గోడ దగ్గరే.

అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూసుకుంటే పగ్గం చేతిలోనే ఉంది. వేళ్ళు తెల్లబడేలా బిగిసి ఉంది. వణుకు లేదు.

మామగారు తలపట్టీ విప్పుకుంటూ అన్నారు. "తోలు సర్దుకుంది. జోళ్ళు కూడా మెత్తగానే ఉన్నట్టున్నాయి. ఎలా ఉంది తొడ?"

"మెత్తగానే తగిలింది మామయ్యా."

"అయితే ఇక నా మీద చూసింది చాలు."

బూడిదగుర్రం ఎదకు వచ్చిందని డాక్టరు చెప్పిన రోజున శాల అంతా కంచె చుట్టూ చేరింది. దాని తోకకు కట్టు కట్టారు, గిట్టలకు జోళ్ళు తొడిగారు, తలకు ఆ నల్లటి తలపట్టీ బిగించారు. అల్లుడు పగ్గం అందుకున్నాడు. అవతల మగగుర్రం సకిలింపు వినగానే బూడిదది చెవులు వెనక్కి వాల్చింది. ఒళ్ళంతా తీగలా బిగిసింది. చెక్కగోడ అతని వీపుకు జానెడు దూరంలో ఉంది.

అది తిరగబోయింది. ఏ క్షణాన తిరుగుతుందో అతని చేతులకు ముందే తెలిసిపోయింది. పగ్గం దగ్గరగా పట్టి, భుజానికి భుజం ఆనించి, మెడ మీద చెయ్యి వేసి, అలవాటు కొద్దీ అన్నాడు.

"మామయ్యా, నెమ్మది. నెమ్మది మామయ్యా."

కంచె దగ్గర యజమాని రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. డాక్టరు వెనక్కి తిరిగి ఆకాశాన్ని పరీక్షించడం మొదలుపెట్టారు. బూడిదగుర్రం మాత్రం నవ్వలేదు. చెవులు ముందుకు తెచ్చి, పెద్ద నిట్టూర్పు విడిచి, బుద్ధిమంతురాలిలా నిలబడింది. మిగిలిన పని దాని దారిన అది సవ్యంగా జరిగిపోయింది. పగ్గం మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా అదరలేదు.

ఆ సాయంత్రం అల్లుడు తలపట్టీని గుడ్డతో తుడుస్తూ వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. తుడుస్తుంటే నల్లరంగు గుడ్డకు అంటుకుని వచ్చేస్తోంది. అడుగున అరిగి, చెమట తాగి, ఎర్రబారిన తోలు. చెవి దగ్గర పసుపు దారంతో పాత కుట్టు ఒకటి బయటపడింది.

"అత్తయ్యా, ఇది కొత్తదేనా?"

అత్తగారు వంగి చూసింది. "కొత్తదా? మీ పెళ్ళికి ముందు నుంచీ ఆ మేకుకే వేలాడుతోంది. ఆ కుట్టు వేసింది నేనే. ఆ రంగెవరు పూశారు? కొత్త కొక్కెం కూడా తగిలించారే." కాసేపు దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసి, "టీ చల్లారిపోతోంది, తాగు బాబూ" అంది.

అల్లుడు తలపట్టీ పట్టుకుని మామగారి దగ్గరికి వెళ్ళాడు.

"మామయ్యా, ఇది కొత్త తోలు కాదు."

మామగారు దాన్ని అందుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశారు. "కాదా? అయితే దుకాణం వాడు నన్ను మోసం చేశాడన్నమాట."

అల్లుడు వెళ్ళి దాన్ని దాని పాత మేకుకే తగిలించాడు.

కొన్ని వారాలకు బూడిదగుర్రానికి చూలు నిలిచిందని డాక్టరు తేల్చారు. శాలంతా మిఠాయిలు పంచుకుంటుంటే మామగారు ఒక్కరూ కనపడలేదు. వెతగ్గా వెతగ్గా ఈనే గదిలో దొరికారు. కొత్త ఎండుగడ్డి పరిచిన నేల మీద వెల్లకిలా పడుకుని, నడుముతో ఒత్తి ఒత్తి చూస్తున్నారు.

అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుంది. "అది ఈనడానికి ఇంకా బోలెడు నెలలుంది. ఇప్పటి నుంచీ ఇక్కడ మీరేం పరీక్షిస్తున్నారండీ?"

మామగారు ఆవిడ మాట వినిపించుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ అల్లుడి వైపు తల తిప్పి, నీరసంగా చెయ్యి ఊపారు.

"నడుం కింద ఇంకో మోపు వెయ్యి అల్లుడూ. నాకిది మొదటి కాన్పు."