చెర్రీ చెట్టుకు వేసిన నిచ్చెన

పొద్దు వాలితే ఎల్ఫ్రీడ కొట్టంలోకి వెళ్తుంది. నిచ్చెనను గోడకు చేర్చి, గొలుసు చుట్టి, భర్త ఒట్టో కొన్న పాత తాళం వేస్తుంది. వోల్ఫ్స్‌బర్గ్‌కు తూర్పున ఉన్న ఆ ఊరి చివర ఒకప్పుడు తూర్పు, పశ్చిమ జర్మనీల మధ్య సరిహద్దు కంచె ఉండేది. కంచె పోయి ముప్పై ఏళ్లు దాటింది. చేతి అలవాటు పోలేదు.

ఆ రోజుల్లో నిచ్చెన బయట కనబడడమే నేరం. కంచె దూకడానికే అనేవాళ్లు. ఎల్ఫ్రీడ పెళ్లికి సొంత చెల్లెలు రావాలన్నా పోలీసుల అనుమతి కావాలి. ఇవ్వలేదు. చీకటి పడ్డాక పొలంలో మనిషి కనబడకూడదు. వాటి మధ్యే పాలు పితికారు, బంగాళాదుంపలు తవ్వారు. ఆదివారాలు పక్కింటి వాల్ట్రౌట్‌తో కూర్చుని కాఫీ తాగారు.

ఒక తెల్లవారుజామున సైనికులు వచ్చారు. ఒట్టో నిచ్చెన గొలుసు లేకుండా పెరటి గోడకు ఆనించి ఉంది.

"నేను తాళం వేశాను" అన్నాడు ఒట్టో. జైలుకు తీసుకెళ్లారు. ఊరి ఉమ్మడి పొలంలో అతను నడిపే ట్రాక్టరు వాల్ట్రౌట్ మొగుడికి ఇచ్చారు.

ఒట్టో తిరిగొచ్చాక ఎల్ఫ్రీడ కూడా అతన్ని వదల్లేదు. "నువ్వే మరిచిపోయావు. బతుకు బుగ్గి చేశావు" అని ఏళ్ల తరబడి దెప్పింది. చివరికి ఒట్టో, "మరిచే ఉంటానులే" అన్నాడు. అలా అనుకుంటూనే పోయాడు.

ఈ జూలైలో చెర్రీలు విరగకాశాయి. పై వాటాలో అద్దెకుంటున్న తెలుగమ్మాయి నవ్యశ్రీ బుట్ట పట్టుకుని వచ్చింది. కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఊరి పిల్లల్లాగే ఎల్ఫ్రీడను ఓమా అంటుంది, అవ్వా అన్నట్టు.

"ఓమా, నిచ్చెన ఇస్తారా? పై కొమ్మలన్నీ పిట్టల పాలవుతున్నాయి."

తాళంచెవి జేబులో లేదు. ఇల్లంతా వెతికారు.

"నిచ్చెనకు గొలుసేంటి ఓమా, పారిపోతుందా?"

"అది కాదమ్మా. మేం పారిపోతామని."

పెరటి దడి అవతల వింటున్న వాల్ట్రౌట్ లోపలికి వెళ్లింది. ఈ మధ్య ఆమెకు ఏది దాచాలో ఏది చెప్పాలో తెలియడం లేదు. టీ డబ్బాలోంచి ఒక తాళంచెవి తెచ్చి ఇచ్చింది.

"ఇదిగో. మీదే, రెండోది."

తాళం కొన్న ఏడాదే అది గడ్డివాములో పోయిందనుకున్నారు. ఎల్ఫ్రీడ తిప్పింది. తాళం ఊడొచ్చింది.

"ఇది నీ దగ్గర ఎప్పట్నుంచీ?"

"ఒట్టో ఇంకా ట్రాక్టరు నడుపుతున్నప్పటి నుంచీ" అంది వాల్ట్రౌట్, చిన్నపిల్లలా నవ్వుతూ.

ఎల్ఫ్రీడ తాళాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"వేశాడు" అంది. "వేసే పడుకున్నాడు."

నవ్యశ్రీకి ఆ మాట అర్థం కాలేదు. నిచ్చెన చెట్టుకు వేసి బుట్ట నింపుకుంది. ఒక గిన్నెడు పళ్లు అరుగు మీద పెట్టి పైకి వెళ్లింది.

పొద్దు వాలింది. ఎల్ఫ్రీడ అరుగు మీదే కూర్చుంది. పళ్లు ముట్టలేదు.

దడి అవతల నుంచి వాల్ట్రౌట్ పిలిచింది. "ఎల్ఫ్రీడా, నిచ్చెన బయటే ఉందే. ఎవరైనా చూస్తారు."

"చూడనీ" అంది ఎల్ఫ్రీడ, లేవకుండానే. "వెళ్లి చెప్పిరా. దారి నీకు తెలిసిందేగా."