లేత ఆకుపచ్చ చార

వాతావరణ సూచనల గదిలో ఆమెను అందరూ రంగులమ్మ అనేవారు. ఎదుట కాదు, టీ తాగే చోట. ఉపగ్రహం నుంచి పరిశోధనా కేంద్రం వాళ్ళు తీసే బొమ్మలను రోజూ బులెటిన్ రాసే ఈ గదికి అలవాటు చేయడం ఆమె ఉద్యోగం. పరిశోధకులకు ఆమె గుమాస్తా, గుమాస్తాలకు పరిశోధకురాలు. రెండు చోట్లా కూర్చునే కుర్చీ అరువుదే.

మొదట్లో బొమ్మ గదికి చేరేసరికి మేఘం ఊరు దాటిపోయేది. కాళ్ళరిగేలా తిరిగి, అది నిమిషాల్లో వచ్చేలా చేసింది. బతిమాలి ఒక మూల తెర మీద పెట్టించింది. పైవాళ్ళు దాని కింద చీటీ అంటించారు: "ప్రయోగాత్మకం. బులెటిన్‌లో ప్రస్తావించరాదు."

"నోట్లో వేసుకోవచ్చు గానీ మింగకూడదన్నట్టుందే అక్కా!" అని నవ్వాడు తమ్ముడు. అతను రేవులో లాంచీ నడిపే సరంగు.

"ముందు మా బులెటిన్ విను, తరవాత నవ్వుదువుగాని."

"వింటూనే ఉన్నా. మీరు వానంటే గొడుగు ఇంట్లో పెట్టి వెళ్తున్నా."

రంగులకు సొంత అర్థమంటూ ఎక్కడుంది? ఎరుపు వ్యాపారికి నష్టం, రైలు నడిపేవాడికి ఆగమన్న మాట, మిరపకాయలు కొనేవాడికి పండిందన్న భరోసా. సూచనల గదిలో ఎరుపంటే కుండపోత, లేత ఆకుపచ్చంటే లెక్కలోకి రాని తుంపర. ఏళ్ళ తరబడి రాడార్ చూసిన కళ్ళకు పట్టేసిన పాఠమది. పరిశోధకుల బొమ్మలో మాత్రం ఎరుపు ఎత్తున తేలే దట్టమైన మేఘం. కురవనూవచ్చు, ఊరికే పోనూవచ్చు. లేత ఆకుపచ్చ నేలను కరుచుకున్న పొగమంచు. రంగులు మార్చమని ఆమె అడిగితే, "అందరూ వాడేవి ఇవేనమ్మా, నీకోసం మారుస్తామా?" అన్నారు. పోనీ అర్థాలైనా నేర్పుదామని గదిలో పాఠం చెప్పింది. అందరూ తలలూపారు. ఆ గదిలో తలూపడం కూడా జీతంలో భాగమే.

ఒకరోజు తెల్లవారుజామున డ్యూటీలో ఉన్నది పెద్దాయన, గదిలో అందరికన్నా సీనియరు. ఎన్నడూ లేనిది మూల తెరకేసి తిరిగాడు. కొండల మీద ఎర్రటి ముద్ద, నది పొడవునా లేత ఆకుపచ్చ చార. "కొండల వైపు భారీ వర్షం, నది మీద నిర్మలం" అని రాశాడు. ఆమె బొమ్మను అతను నమ్మింది ఆ ఒక్కసారే.

కొండల మీద చుక్క పడలేదు. అక్క ఆఫీసును తమ్ముడూ ఆ ఒక్కసారే నమ్మాడు. రేవు దగ్గర బాగానే ఉంది; నది వంపు తిరిగేసరికి చాచిన చెయ్యి కనబడని పొగమంచు. లాంచీ వంతెన స్తంభానికి గుద్దుకుంది. ఒక ముసలాయన నీళ్ళలో పడి మళ్ళీ తేలలేదు.

తమ్ముడి లైసెన్సు లాక్కుని విచారణ పెట్టారు. పెద్దాయన ఆమెను నడవాలో ఆపాడు.

"అమ్మాయ్, ఆ తెర సంగతి ఎత్తకు. చీటీ ఉంది కాబట్టి నేను చూడనట్టే. ఎత్తావా, నీ తెర పీకేస్తారు."

"పీకితే పీకనివ్వండి. మా తమ్ముడికి లైసెన్సు తిరిగొస్తుందేమో."

"వాడి కళ్ళేమయ్యాయంటారు. తెరా, లైసెన్సూ రెండూ పోతాయి, చూసుకో."

విచారణలో ఆమె చెప్పింది. పొగమంచు తెర మీద ఉందనీ, దాన్ని తుంపరగా చదివారనీ, చదివేవాళ్ళ కళ్ళకు తగ్గ రంగులు పెట్టకపోవడం తనతో సహా అందరి తప్పనీ.

పెద్దాయన మాటే నెగ్గింది. బులెటిన్ సలహా మాత్రమేననీ, దారి చూసుకోవలసింది సరంగేననీ తేల్చారు. తెర తీసేసిన మూలలో పూలకుండీ పెట్టారు, ప్లాస్టిక్‌ది. దానికి వానతో పని లేదు.

పరిశోధనా కేంద్రానికి బొమ్మలు వస్తూనే ఉన్నాయి. రోజూ తెల్లవారకముందే ఆమె వాటిని ఇంట్లో తెరుస్తుంది. తమ్ముడు పక్కన కూర్చుంటాడు. ఇప్పుడు నవ్వడు.

"ఉందా అక్కా, నీ ఆకుపచ్చ?"

"ఉందిరా. వంపు దాకా పాకింది."

తన లాంచీ నడుపుతున్న కొత్త సరంగుకు అతను ఫోన్ చేస్తాడు. మోగి మోగి ఆగిపోతుంది. మనిషిని ముంచినవాడి దగ్గరా నేను నేర్చుకునేది అని కొత్తవాడు ఎత్తడు. రేడియోలో నది మీద నిర్మలమంటున్నారు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ కనబడటం లేదు. తమ్ముడు మళ్ళీ అదే నంబరు నొక్కుతున్నాడు.