చప్పుడు చెయ్యని టార్చి

మా ఇంట్లో గడప దాటేవాణ్ణి ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే వెళ్లిన పని చెడుతుందంటారు. ఏం తెస్తావు అని మాత్రం ఎన్నిసార్లయినా అడగొచ్చు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గానీ, నాకు ఎదురుపడితే ముందు నాలుగు చీవాట్లు పెట్టి ఆ తర్వాతే కూర్చోమంటాను.

మా తమ్ముడు సైన్యంలో జవాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వాడి దళాన్ని ఆఫ్రికాలోని కాంగోకి పంపిస్తున్నారని తెలిసింది. అక్కడ వాళ్లలో వాళ్లు కొట్టుకు చస్తుంటే మధ్యలో నిలబడి శాంతి కాపాడాలట. వెళ్లేముందు ఇచ్చిన సెలవుకి వాడు దివిసీమలోని మా ఊరు వచ్చాడు. గుడివాడలో మా అత్తవారింటి నుంచి నేనూ వెళ్లాను. వాడు క్షేమంగానే తిరిగొచ్చాడు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నా కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

నేను వెళ్లేసరికి ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది. మావాడు ఫారిన్ వెళ్తున్నాడు మరి. కాంగో ఎవరికీ అక్కర్లేదు, ఫారిన్ అన్న ఒక్క మాట చాలు. పిన్నికి సెంటు సీసా కావాలి. పక్కింటావిడకి ముడతపడని చీర కావాలి. మా మావయ్యకి, అంటే అమ్మ తమ్ముడికి, కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఆయనకి బైనాక్యులర్ కావాలి. గట్టు మీద కుర్చీ వేసుకుని, అవతలి గట్టు మీద దొంగలెవరైనా తిరుగుతున్నారేమో చూసుకుంటాడట. తమ్ముడు అందరికీ తలూపాడు. వాడికి చిన్నప్పటి నుంచీ కాదనడం రాదు.

వాడు అడిగింది ఒక్కటే, అదీ నన్నే. మంచి టార్చి కొనుక్కోవాలక్కా, బందరు దాకా వస్తావా అన్నాడు. అది మావయ్య చెవిన పడింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. టార్చీలు ఫారిన్ నుంచి మనకి రావాలి గానీ మన టార్చి ఫారిన్ వెళ్లడమేంటన్నాడు. పిన్ని కూడా నవ్వి, వచ్చేటప్పుడు మాకూ రెండు పట్రా అంది. అంతటితో ఊరుకోకుండా మావయ్య మర్నాడు తన చెరువు టార్చి తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. మోచేయంత పొడవు, తళతళలాడే స్టీలు. వెలిగిస్తే వీధి చివర పడుకున్న కుక్క లేచి మొరిగింది. తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెరువులకి కావాలి కదా, మీ దగ్గరే ఉండనీ మావయ్యా అని తిరిగిచ్చేశాడు. కుర్రాడికి పొగరు పెరిగిందని ఆయన మొహం మాడ్చుకున్నాడు.

బందరులో కోనేరు సెంటర్ దగ్గర ఒక కొట్టుకి వెళ్లాం. కొట్టాయన మంచి మనిషే, ఉన్న టార్చీలన్నీ బల్ల మీద పేర్చాడు. తమ్ముడు ఒక్కటీ వెలిగించి చూడలేదు. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని స్విచ్చి నొక్కుతున్నాడు. టక్ మన్నవన్నీ పక్కన పెట్టేశాడు. మెరిసేవి చేత్తో కూడా ముట్టుకోలేదు. చివరికి నల్ల రబ్బరు తొడుగున్న పొట్టి టార్చి ఒకటి మిగిలింది. దాన్ని భుజం ఎత్తు నుంచి గచ్చు మీద వదిలేశాడు. కొట్టాయన గుండె మీద చెయ్యేసుకున్నాడు. తమ్ముడు దాన్ని తీసి నొక్కితే వెలిగింది. తర్వాత బక్కెట్లో నీళ్లు తెప్పించుకుని అందులో ముంచాడు.

టార్చి కొనడానికి ఇంత తతంగమేమిట్రా అనుకున్నాను. విసుగొచ్చి, చెవి దగ్గర పెట్టుకుంటావేంటి, అది పాటలు పాడుద్దా అన్నాను.

"రాత్రి కాపలాలో ఆ చప్పుడు వినపడుద్దక్కా," అన్నాడు మామూలుగా.

ఎవరికి వినపడుతుందని అడిగాను. అప్పుడు చెప్పాడు. అక్కడ కరెంటు లేదు. వీళ్లకంటే ముందు వెళ్లినవాళ్లు వచ్చి చెప్పారట, చీకట్లో టార్చి వెలిగితే ఆ వెలుగు మీదకే కాలుస్తారని. మరి వెలిగించడమెందుకు, మానెయ్ అన్నాను. గోతులుంటాయి, పాములుంటాయి, కాపలా మారేటప్పుడు కాగితం చదివి సంతకం పెట్టాలి, వెలిగించక తప్పదన్నాడు. శాంతి కాపాడ్డానికి వచ్చినవాణ్ణి కూడా కాలుస్తారా అని అడిగాను.

"ముందు కాల్చేసి, ఎవరో తర్వాత చూసుకుంటారంట," అన్నాడు. ఆ తర్వాత తడి టార్చి తుడుస్తూ, "భయమేస్తందక్కా," అన్నాడు.

తిరుగు బస్సులో నాకు ఒళ్లంతా మండిపోయింది. వాడొచ్చి వారమైంది. ఇంటినిండా మనుషులే. సెంటు ఏ రంగు సీసాలో ఉండాలో కూడా చెప్పినవాళ్లు, నీకు భయంగా ఉందా అని ఒక్కళ్లూ అడగలేదు. స్విచ్చి గురించి విసుక్కోకపోతే నేనూ అడిగేదాన్ని కాదు. నోరు తెరిస్తే అపశకునమని మా నోళ్లన్నీ కుట్టేసిన పెద్దలు, ఆశకి మాత్రం తలుపులు బార్లా తీసిపెట్టారు.

ఇంటికి రాగానే వంటింట్లో అమ్మకి చెప్పబోయాను. ప్రయాణం ముందు పెట్టుకుని ఆ మాటలేంటే, నీ నోట్లో నుంచి మంచి రాదా అని కసిరింది. నాకిక ఆగలేదు. టార్చి వెలిగిస్తే కాల్చే చోటుకి పంపిస్తూ, అడగకపోతే క్షేమమా అని అరిచేశాను. కొట్లో తమ్ముడు చెప్పిందంతా అప్పజెప్పాను. అమ్మ తలెత్తకుండా బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ ధాన్యం బస్తాలుండే చీకటి గదిలోకి ఆ టార్చి పట్టుకెళ్లింది. గోడ మీద వెలిగించి చూసింది, ఆర్పింది, మళ్లీ వెలిగించింది. బయటికొచ్చి పాత గొడుగు గుడ్డ చింపి, రెండు మడతలు వేసి, వెలుగు బయటికి పొక్కకుండా అద్దానికి సరిపోయేలా చేత్తో తొడుగు కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూ కుడుతూ వాణ్ణి పిలిచింది.

"బెజ్జం ఎంతుండాలిరా?"

"మినపగింజంత చాలమ్మా."

ఆవిడ ఆవగింజంతే పెట్టింది.

చూసినవాళ్లు కళ్లు తుడుచుకుంటారేమో గానీ నాకు ఇంకా కోపమొచ్చింది. బెజ్జం ఎంతో అడగ్గలిగిన మనిషి, నీకెలా ఉందిరా అని అడగలేదా? వాడు పక్కనే గుమ్మంలో కూర్చున్నాడు. ఏదైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నట్టే కూర్చున్నాడు. ఆవిడ దారం కొరికేసి, ఇదిగో అని చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ప్రయాణం రోజు పొద్దున్నే అందరూ దిగారు. ఉయ్యూరు మీదుగా విజయవాడ వెళ్లే బస్సు మా రోడ్డు మీదకి వచ్చే వేళయింది. అమ్మ బొట్టు పెట్టింది. ముత్తయిదువ ఎదురొచ్చింది. అన్నీ శాస్త్రప్రకారమే జరిగాయి. నాన్న ఎప్పట్లాగే అరుగు మీద స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. తమ్ముడు సంచి భుజాన వేసుకుని గడప దాటాడు. అప్పుడు మావయ్య వాడి వీపు తట్టి, బైనాక్యులర్ మర్చిపోకురోయ్, చిన్నది తెచ్చేవ్, పెద్దదే కావాలి అన్నాడు.

"ఎక్కడికి వెళ్తన్నాడో తెలుసంట్రా నీకు?"

అన్నది అమ్మ. ఇంతమందిలో, వాడు గడప దాటాక, ఆ మాట. మావయ్య బిత్తరపోయి, ఫారినేగా అక్కయ్యా అన్నాడు.

"టార్చి వెలిగిస్తే కాల్చి చంపే చోటుకి. నా కొడుకు భయపడి చస్తన్నాడు. నీకు దుర్భిణీ కావాలా?"

పిన్ని నోరు నొక్కుకుంది. అమ్మ అన్నంత అనేసి, దేవుడి పటం వైపు తిరిగి టపటపా లెంపలేసుకుంది. శకునం చెడిపోయింది. చెడితే విరుగుడు కూడా మావాళ్ల దగ్గరే ఉంది. బయల్దేరినవాడు వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరాలి. అందరూ గాభరాగా అదే చెప్పారు. తమ్ముడు సంచి దించి అరుగు మీద కూర్చున్నాడు. పిన్ని పరుగెత్తి చెంబుతో నీళ్లు, గ్లాసు తెచ్చింది. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి, ఎవరూ రాకపోయేసరికి వెళ్లిపోయింది.

ఎటూ శకునం పాడైంది, ఇంకొక మాటతో పోయేదేముంది అనుకున్నాడో ఏమో, నాన్న స్తంభం వదిలి వాడి పక్కన కూర్చున్నాడు.

"చెప్పరా. ఎక్కడికి?"

తమ్ముడు చెప్పడం మొదలుపెట్టాడు. ఊరి పేరు, అడవి, వాన, ముందు వెళ్లినవాళ్లు చెప్పిన సంగతులు, రాత్రుళ్లు తనకి నిద్ర పట్టకపోవడం, అన్నీ చెప్పాడు. గ్లాసులో నీళ్లయిపోతే లేవాలి కదా. అందుకని అమ్మ చెంబు పట్టుకుని పక్కనే నిలబడి, వాడు ఒక గుక్క తాగినప్పుడల్లా మళ్లీ పోస్తూ ఉంది.