మీరే చెప్పుకోండి

మా ఇంట్లో కోపం వస్తే మాట్లాడరు, మాట్లాడిస్తారు. తండ్రి పక్కనే నిలబడి కొడుకు "బాపును అన్నం తినుమను" అని నాకు చెబుతాడు. ఆ మాట తండ్రి చెవిన పడనే పడుతుంది. అయినా నేను మళ్లీ చెప్పేదాకా ఆయన కదలరు. హనుమకొండలో కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. కోడలిగా నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఈ మాటలు మోయడమే. జీతం లేదు, సెలవూ లేదు.

ఒక ఏడాది మా ఆయన దుకాణంలో పాత చెక్క అరలు తీయించి ఇనుప ర్యాకులు పెట్టించాడు. మామయ్యను ఒక్క మాట అడగలేదు. అంతే, తండ్రీకొడుకులకు మాటలు బంద్. ఒకే గల్లా దగ్గర ఇద్దరూ కూర్చుంటారు, మధ్యలో నేను.

"షక్కర అయిపోయిందని ఆ పెద్దమనిషికి చెప్పు" అనేవాడు మా ఆయన.

"కండ్లు నెత్తికెక్కినోనికి అదన్న కనవడ్డదా అని అడుగు బిడ్డా."

తిట్టు తీసేసి, "తెప్పించమంటున్నరు" అని అందించేదాన్ని. తీసేసిన తిట్లన్నీ నా కడుపులోనే ఉండేవి. రోజూ తలనొప్పితో లేచేదాన్ని. చుట్టాలు "ఇల్లు నిలబెట్టిన కోడలు" అని మెచ్చుకుంటుంటే ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. "రేపు నేను పాలకుర్తికి పోతున్న, దుకాణం చూసుకోమను" అన్నారు మామయ్య. గరిట గిన్నెలో పెట్టేశాను.

"మీ ఎదురుంగనే ఉన్నడు గద మామయ్యా, మీరే చెప్పుండ్రి. ఇగ నేను ఎవ్వలి మాట ఎవ్వలికి మొయ్య."

"గిప్పుడేమైంది నీకు?" అన్నాడు మా ఆయన.

"మీకు గూడ గిదే మాట."

అత్తమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "గిదేం జిద్దు? పెండ్లయినకాడికెల్లి నేను మొయ్యలేదా? జర ఓర్చుకుంటె ఏం పోతది?"

"ఓర్చుకుంటె నీకేం మిగిలింది అత్తమ్మా?" కటువుగానే అడిగాను. ఆమె వెళ్లి నేను వదిలేసిన గరిట అందుకుంది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. ఒకరికి తెలియకుండా ఒకరు కందిపప్పు తెప్పించారు. బస్తాలు దుకాణంలో పట్టక ఇంటి నడవలోకి వచ్చాయి. అంతా నా పొగరు వల్లే అన్నారు. అననీ! బస్తాలు దాటుకుంటూ వెళ్లి వెనక గుమ్మంలో కూర్చుని పొద్దుటి చాయ్ వేడివేడిగా తాగేదాన్ని. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరు పిలిచినా పలికేదాన్ని కాదు. తలనొప్పి తగ్గింది.

ఒక సాయంత్రం మామయ్య బస్తా తట్టుకుని పడబోయారు. మండిపడుతూ అత్తమ్మ వైపు తిరిగారు. "నీ కొడుకుకు చెప్పు, ఈ పప్పు వాపస్ పంపుమని!"

అత్తమ్మ బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"నీకు గూడ కొడుకే గద. నువ్వే చెప్పు."

మామయ్య బస్తాను ఒక్క తన్ను తన్నారు. తర్వాత దుకాణంలోకి వెళ్లి కొడుకును నేరుగా తిట్టారు. కొడుకూ ఊరుకోలేదు. ఇద్దరి గొంతులూ బజారు దాకా వినిపించాయి. నాకు భయమేసింది, సంతోషం కూడా వేసింది.

"పోయి ఆపుతవా?" అంది అత్తమ్మ.

"నేను పోను."

చేట పక్కన పెట్టి, గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుంది. "నేను సుత పోను."