వెనక టైర్లు

పోయిన నెల కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర మా మేనల్లుడు, అంటే మా అన్న కొడుకు, తన పికప్ బండిలో నన్ను ఎక్కించుకున్నాడు. తీరా ఊరి దారి పట్టబోయే ముందు ఒక టైర్ల షాపు దగ్గర ఆపి, "ఒక్క రవ్వంతసేపు అత్తా, ముందరికి రెండు కొత్త టైర్లు ఏయిచ్చుకొని పోదాం" అన్నాడు. "మరి వెనకవి?" అన్నాను. "ఎనకవి ఇంకొన్నాళ్ళు వస్తాయిలే" అన్నాడు. అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది. ఏళ్ళ తరబడి ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతు నాది. ఆ గొంతుతో నడిబజార్లో అరిచాను. షాపులో పనివాళ్ళు చేతుల్లో స్పానర్లతో అట్లాగే నిలబడిపోయారు. మా వాడు నా నోటికి జడిసి నాలుగూ వేయించాడనుకోండి. కానీ దారి పొడుగునా మూతి ముడుచుకునే ఉన్నాడు. "ఎందుకత్తా అంత కోపం? టైర్లే గదా" అన్నాడు. టైర్లే కదా అట! జరిగింది చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ అందులో వాళ్ళ నాయన ఉన్నాడు. కొడుకు ముందు తండ్రిని తక్కువ చేయడం ఎందుకని మింగేశాను. మింగిన కోపం ఊరికే అరుగుతుందా? అందుకే ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నాను.

మా అన్న మొదటి పికప్ కొన్నది ఎద్దులను అమ్మి. ఆ కోపంతో మా నాయన చాలా కాలం అతనితో మాట్లాడలేదు. మా అన్న మాత్రం బండి వెనక రంగులతో 'నాయన దీవెన' అని రాయించాడు. ఊళ్ళో వాళ్ళు అది చదివి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ బండి మోయని బరువు లేదు. గొర్రెలు, చీనీకాయలు, సిమెంటు, పెళ్ళివాళ్ళు, చావుకు పోయేవాళ్ళు, కరువు ముదిరితే నీళ్ళ ట్యాంకు, పొలం పనులు తగిలితే కూలి ఆడవాళ్ళు. గొర్రెలను ఎక్కించేటప్పుడైనా "ఇంక సాలప్పా, ఊపిరాడక సస్తాయి" అనేవాడు. ఆడవాళ్ళను ఎక్కించేటప్పుడు "రవ్వంత జరగండమ్మా, ఇంకో నలుగురు పడతారు" అనేవాడు. ఇది నేను కోపంతో కల్పించి రాస్తున్నది కాదు, చెవులారా విన్నాను. అప్పుడు నేను మా ఊరి బడిలోనే పనిచేస్తూ అన్న ఇంటి పక్కనే ఉండేదాన్ని.

ఆ ఆడవాళ్ళకు పెద్ద మా చిన్నమ్మ. మా అమ్మకు స్వయానా చెల్లెలు, మా ఊరికే కోడలుగా వచ్చింది. మా అమ్మ జబ్బుతో మంచాన ఉన్న రోజుల్లో అన్ననూ నన్నూ చెరో చంకన వేసుకుని సంగటి తినిపించింది ఆమే. వాళ్ళకూ ఒకప్పుడు తోట ఉండేది. బోరు ఎండితే ఇంకో బోరు, అదీ ఎండితే ఇంకోటి. చివరికి తోటా పోయింది, ఆ దిగులుతోనే చిన్నాయనా పోయాడు. ఆమె ఏడుస్తూ మూల కూర్చోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళను కూడగట్టి కూలి పనులకు తీసుకుపోవడం మొదలుపెట్టింది. ఎవరి పొలానికి ఎవరు పోవాలో, ఎప్పుడు దిగాలో అంతా ఆమె నోటి మీదే నడిచేది. నోరంటే అట్లాంటి ఇట్లాంటి నోరు కాదు. ఒక రైతు కూలివాళ్ళకు మరీ పులిసిపోయిన మజ్జిగ పోస్తే, "ముందు మీ ఎద్దుకు పోసి సూడప్పా, అది తాగితే మేమూ తాగుతాం" అన్నదట. మా అన్న చుట్టరికం కొద్దీ ఆమెను తన పక్కన సీట్లో కూర్చోమనేవాడు. "వాళ్ళంతా ఎనక నిలబడుకొనుంటే నేను ఈడ కూసుంటే, రేపు నా మాట ఎవురింటారప్పా?" అని వాళ్ళతోపాటే వెనక ఎక్కేది.

ఆ ఏడు మా సీమలో ఎప్పుడో గానీ జరగని వింత జరిగింది. వాన అదనుకు పడింది. అన్న దూరంగా గుత్తకు తీసుకున్న చేనులో వేరుశనగ, మా వైపు బుడ్డలంటాం, ఏపుగా కాసింది. పీకే రోజులు దగ్గరపడ్డాయని అన్న ఒక్కడే కళ్యాణదుర్గం పోయి రెండు కొత్త టైర్లు తెచ్చి బండికి ముందు వేయించాడు. మా వదిన వాటికి పసుపు కుంకుమ పెట్టి హారతి ఇచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, లోతైన గాట్లతో చూడ ముచ్చటగా ఉన్నాయి. వెనకవాటి వంక ఎవరూ చూడలేదు. గాట్లన్నీ అరిగిపోయి నున్నగా ఉన్నాయి. మా వైపు అట్లాంటివాటిని గుండు టైర్లంటారు. నేను అడిగితే, "ముందరియి బాగుంటే సాలు, ఎనకవి వాటెంబడి అవే వస్తాయి" అన్నాడు.

బుడ్డలు పీకిన మొదటి రోజు సాయంత్రం, వెనక మూటలు, మూటల మీద ఆడవాళ్ళు, తిరుగుదారిలో ఎడమ పక్క వెనక టైరు పేలింది. బండి ఊగి ఊగి తారురోడ్డు దిగి కంపచెట్లలోకి దూసుకుపోయింది. వెనక డోరు ఊడింది. ఒకరి మీద ఒకరు, వాళ్ళ మీద మూటలు. అందరికంటే చివర కూర్చున్న మా చిన్నమ్మ కుడిచెయ్యి కింద పడి విరిగింది. ప్రాణాలు ఎవరివీ పోలేదు. డ్రైవింగు సీట్లోంచి మా అన్న ఒంటి మీద గీత పడకుండా దిగాడు.

ఆ సాయంత్రం మా అన్న ఇంటి అరుగు మీద ఏం జరిగిందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. అరుగుకు ఒక కొసన ఆడవాళ్ళు ఒకరి వీపు ఇంకొకరికి తిప్పి, పిన్నీసులతో కంపముళ్ళు తీసుకుంటున్నారు. చిన్నమ్మ చేతికి అప్పుడే కట్టు కట్టించుకుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంకో కొసన మా వదిన బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి బండికి దిష్టి తీస్తోంది! పంట బాగా వచ్చిందని ఎవరి కన్నో పడిందట. దేవుడు చల్లగా చూశాడు కాబట్టి సరిపోయిందట. గుమ్మడికాయ పగిలింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, మా అన్న బండిని వాటి మీదుగా పోనిచ్చాడు. పేలిన టైరు స్థానంలో అప్పటికే స్టెప్నీ వేసేశాడు. అదీ గుండు టైరే. నాకు ఒళ్ళు మండిపోయింది. "గుమ్మడికాయ కొడితే టైరుకు గాట్లు మొలుస్తాయా అన్నా?" అన్నాను. "నువ్వు పంతులమ్మవి, నీకు బండ్ల సంగతి తెలీదులే, పో" అన్నాడు. ముళ్ళు తీసుకుంటున్న ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. అన్నను చూసి నవ్వారో నన్ను చూసి నవ్వారో తెలియదు.

మర్నాడు పొద్దున్నే బండి హారను కొట్టింది. ఆడవాళ్ళు సద్దిమూటలతో వచ్చారు, ఎక్కలేదు. బండి ముందు నేల మీద కూర్చున్నారు. చిన్నమ్మ కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని ముందు కూర్చుంది. ఇంతలో ఊళ్ళో మగవాళ్ళు పోగయ్యారు. భూమిలో పదును ఆరితే మట్టి గట్టిపడి, చెట్టు పీకితే చెట్టొకటే వస్తుంది, కాయలు లోపలే తెగి ఉండిపోతాయి. అది అక్కడ అందరికీ తెలుసు. "పండక పండక పండింది గదమ్మా, ఇప్పుడా మీ పంచాయితీ?" అని ఒకాయన నీతులు మొదలుపెట్టాడు. నిన్న ముళ్ళలో పడినప్పుడు ఈయన యాడికి పోయాడో!

చిన్నమ్మ ఆయన వంక చూడనైనా చూడలేదు. అన్నతోనే అన్నది. "పెద్దోడా, నిన్ను దుడ్లు పెట్టమని అడగలా. ఆ ముందరివి రెండూ ఊడదీసి ఎనక్కి ఎయ్యి. ఎనకవి ముందరికి ఎయ్యి. మేము ఎక్కుతాం."

"అట్లెట్ల అవుతుంది చిన్నమ్మా? ముందరి టైరు పగిలితే బండి చేతిలో ఉండదు. నేను పోతాను."

"ఎనకది పగిలితే?"

మా అన్న వంగి ముందు టైరును అరచేత్తో తట్టాడు.

"సెప్పు నాయనా. ఎనకది పగిలితే మేము పోతాం. అంతే గదా నువ్వు సెప్పేది?"

గట్టిగా కూడా అనలేదు ఆ మాట. బిడ్డ చేత లెక్క చెప్పించినట్టు అన్నది. నీతులు చెప్పినాయన తువ్వాలు దులుపుకుని మెల్లగా జారుకున్నాడు. మా అన్న ముఖం ఎర్రబడింది. "నేనేమన్నా కావాలని పగలగొట్టినానా?" అని గొణిగాడు. అది నిజమే, కావాలని చేయలేదు. కావాలని చేసినవాడినైనా క్షమించవచ్చునేమో. అసలు వెనక మనుషులున్నారన్న ఆలోచనే రానివాడిని ఏం చేయాలి? తోడబుట్టినవాడు, మంచివాడు, పండక్కి నాకు చీర పెట్టకుండా ఒక్క ఏడూ ఉండనివాడు. అందుకే నాకు మరింత కోపం.

చివరికి, "సరే, ఎనకకీ రెండు కొత్తవి తెస్తాలే" అన్నాడు. "తెస్తావు, యాడివి తెస్తావో మాకేం తెల్సు? మేమూ వస్తాం. మేం సూసినంకనే ఎయ్యల్ల" అన్నది చిన్నమ్మ. ఆ బండి మాత్రం ఎక్కేది లేదన్నారు. మా అన్న ఖాళీ బండి తోలుకుపోతుంటే వెనకాలే బస్సులో ఆడవాళ్ళంతా బయల్దేరారు. బడికి సెలవు పెట్టి నేనూ ఎక్కాను. కళ్యాణదుర్గంలో టైర్ల షాపతను ఆ గుంపును చూసి బిత్తరపోయాడు. "ఏమన్నా, పెండ్లి చీరలకు వచ్చినట్టు ఇంతమందిని పిల్చుకొచ్చినావే?" అన్నాడు. నిజంగానే పెళ్ళి చీరలు చూసినట్టే చూశారు. చేత్తో నిమిరారు, తిప్పి చూశారు, పైన ఉన్నది వద్దు కింద ఉన్నది తియ్యమన్నారు. "దీంట్లో ఇంకా మంచిది సూపీప్పా" అన్నారు. షాపతను చెమటలు తుడుచుకుంటూ దొంతరలన్నీ దించాడు.

మా అన్న అతన్ని పక్కకు పిలిచి చెవిలో ఏదో అన్నాడు. అతను లోపలి నుంచి రెండు తెచ్చి పెట్టాడు. పాత టైర్ల మీద కొత్త రబ్బరు అతికించినవి. చూడడానికి బాగానే ఉన్నాయి. "ఇది కొత్తదేనా?" అని చిన్నమ్మ అడిగింది. "కొత్తదాని మాదిరే ఉంటుందమ్మా" అన్నాడు అతను. "మాదిరొద్దు. మొగుని మాదిరి ఉండేటోన్ని మొగుడంటారా?" అన్నది. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. షాపతనూ నవ్వాడు, నవ్వుతూనే వాటిని లోపలికి దొర్లించుకుపోయాడు. మా అన్న ఒక్కడే నవ్వలేదు. ఎక్కువ బరువు మోసే రకం, కొత్తవి, రెండు తీసుకున్నారు. వెనక చక్రాలకు బిగించేదాకా అందరూ అక్కడే నిలబడి చూశారు. అప్పుడు ఎక్కారు. చిన్నమ్మను ఇద్దరు పైనుంచి లాగితే, ఇద్దరు కింద నుంచి తోశారు.

మర్నాడు బండి చేనుకు పోయింది. పదును ఇంకా ఉంది, కాయ పోలేదు. చిన్నమ్మ పోలేదు. చెయ్యి బాగయ్యాక వస్తానని, ఎవరు ఏ సాలు పట్టాలో కింద నుంచే చెప్పి పంపింది. బండి మలుపు తిరిగేదాకా నిలబడి, "ఇప్పుడు బండి సప్పుడు బాగుండాది" అన్నది నాతో. ఎముక అతుక్కుంది. వేళ్ళు మాత్రం మళ్ళీ ముడుచుకోలేదు. చెట్టు మొదలు పట్టి పీకడానికి పిడికిలి కావాలి. ఆమె మళ్ళీ ఏ చేనుకూ పోలేదు. మా అన్న ఆమెకు బియ్యం పంపాడు, మందులు కొనిచ్చాడు, అదంతా నిజమే, కాదనను. కానీ ఆ తర్వాత ఏ నలుగురు కూడినా ఆయన చెప్పేది ఒకటే. "మన బండి ఎక్కే ఆడోళ్ళకు ఏమన్నా అయితే ఎట్లప్పా అని నేనే నాలుక్కి నాలుగూ కొత్తవి ఏయిచ్చినా" అని. ఒకసారి చిన్నమ్మ ఎదుటే చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆయనకు అదే నిజమైపోయిందని నాకు అనుమానం. "ఏంది చిన్నమ్మా, వింటూ ఊరుకున్నావు?" అని నేను పోట్లాటకు దిగితే, "సెప్పుకోనీలేమ్మా, ఏసినాడు గదా" అన్నది. ఆమెకు అంత పెద్ద మనసుంది. నాకు లేదు.

ఇప్పుడామె పెళ్ళిళ్ళకు పిలిస్తే వస్తుంది, అక్షింతలు వేస్తుంది, పంక్తిలో మాత్రం కూర్చోదు. ఆకలి లేదంటుంది. ఇంటికి పోయి తలుపు దగ్గరికి వేసుకుని, గోడ వైపు తిరిగి ఎడమచేత్తో తింటుంది. కాలమే అన్నీ మాన్పుతుందని చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఒక్కసారి ఆ తలుపు తీసి చూడమనండి.