హర్ష పాడిన ఎనిమిది లైన్లు

తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. మా ఇంట్లో తెలియదు. నా భర్తకు తెలియదు. ఎవరికి చేశానో వాళ్ళకు అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లన్నీ మార్చాను. మిగతాదేదీ మార్చలేదు. మార్చాలని చాలాసార్లు అనిపించింది, ముఖ్యంగా నేను చేసిన రెండో పని దగ్గరికి వచ్చినప్పుడు.

నాకు హిప్ హాప్ అంటే పిచ్చి. ఇప్పటికీ. మాది పుంగనూరు దగ్గర పల్లె. మామిడి తోట, ఆవులు, బోరు కింద టమోటా. మొదటి ఏడాది మదనపల్లె కాలేజీకి రోజూ బస్సులోనే పోయి వచ్చేదాన్ని. ఆ బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నదే నా అసలు చదువు. మొదట్లో ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఒక సంగతి మాత్రం తెలిసేది. ఎవరో మనిషి ఊపిరి కూడా తీసుకోకుండా తన పేరు, తన వీధి, తన వాళ్ళమ్మ సంగతి లోకానికి వినిపించేలా చెప్పుకుంటున్నాడు. మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ తమ పేరు తాము గట్టిగా చెప్పుకోగా నేను వినలేదు.

తరువాత తెలుగులో ర్యాప్ చేసేవాళ్ళు దొరికారు. వాళ్ళది మా యాస కాదు. మా చిత్తూరు మాటలో ఎంత తాళం ఉందో వాళ్ళకు తెలియదనుకునేదాన్ని. పోతాండా, వస్తాండా, సూస్తాండా. క్రియలు వాటంతటవే ప్రాసలో పడతాయి. నోట్‌బుక్కులు నింపాను. ఎవరికీ చూపించలేదు.

రెండో ఏడాది హాస్టల్లో చేరాను. అక్కడ నా గదిలోకి మంజుల వచ్చింది.

వాళ్ళ సొంతూరు రామకుప్పం పక్కన అడవి అంచు పల్లె. కొంచెం రాగి చేను ఉంది. వాళ్ళమ్మ మాత్రం కుప్పంలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, రోజూ పొద్దున రైలుకు బెంగళూరు పోయి, ఒక పెద్ద అపార్ట్‌మెంట్లో మూడిళ్ళలో పని చేసి సాయంత్రం రైలుకు తిరిగొచ్చేది. మంజుల మాటలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసిపోయేవి. ఆమె ర్యాప్ కూడా అంతే. చేలోకి ఏనుగులు దిగితే వాళ్ళ నాయన నూనె డబ్బా కొట్టి తరిమేవాడట. చిన్నప్పుడు తనూ పక్కన నిలబడి కొట్టేదట. "అదేమే నా ఫస్ట్ బీటు" అనేది. ఆ మాట విన్నప్పుడు నవ్వాను. లోపల ఏదో గుచ్చుకుంది. నా మొదటి బీటు ఫోన్లోంచి వచ్చింది.

ఆమెకు ఒక జత బూట్లు ఉండేవి. స్నీకర్లు. తెల్లవి, చీలమండ దాకా ఎత్తు, అడుగున సన్నటి ఎర్ర గీత. మా కాలేజీలో సగంమంది అబ్బాయిలకు హిప్ హాప్ అంటే బూట్లే. పేరులో ఒక అక్షరం తేడా ఉన్న నకిలీలు కొనుక్కొచ్చి, ఎర్రమట్టి అంటకుండా కాళ్ళు ఎత్తెత్తి నడిచేవాళ్ళు. మంజులవి అసలువి. యాడ కొన్నావని అందరూ అడిగేవాళ్ళు. "బెంగళూరు" అని ఊరుకునేది. పాత టూత్‌బ్రష్షుతో, పళ్ళపొడితో వారం వారం తోముకునేది. ఒక సైజు పెద్దవి. ముందువైపు గుడ్డపేలిక కుక్కుకునేది.

ఆ బూట్ల కథ ఆమె నాకు ఒక్కదానికే చెప్పింది. దసరా సెలవులకు కుప్పం రమ్మంటే పోయాను. వాళ్ళమ్మ నా కోసం కోడి కోసి, సంగటి ముద్ద చేతిలో పెట్టింది. మర్నాడు స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు మంజుల చెప్పింది. అపార్ట్‌మెంట్లో ఒకామె ఆ బూట్లను చెత్తలో పడేయమంటే వాళ్ళమ్మ పడేయకుండా కూతురికని సంచిలో పెట్టుకుంది. గేటు దగ్గర సంచి తనిఖీ చేశారు. దొంగతనం అన్నారు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా, వచ్చే పోయే వాళ్ళందరూ చూస్తుండగా, గేటు పక్కన నేల మీద కూర్చోబెట్టారు. ఆ ఇంటామె భోజనాల వేళకు దిగి వచ్చి, "ఓ, అవా, నేనే పారేయమన్నాను" అందట. అంతే. క్షమించమని కూడా అనలేదట.

"అందుకే ఏసుకుంటాండా. ఒకనాడు ఇదంతా స్టేజి మీద నేనే సెప్తా. నా మాటల్లో" అంది మంజుల.

హిప్ హాప్ గురించి నేను చదివిన, విన్న అన్ని విషయాల కంటే ఆ ఒక్క మాటలో ఎక్కువ హిప్ హాప్ ఉంది. ఆ రోజే నాకు అది అర్థమైంది. అర్థమైనందుకే ఓర్వలేకపోయానా?

నిజం చెప్పాలంటే అప్పటికి ఇంకా ఓర్వలేనితనం లేదు. అది తరువాత వచ్చింది. ఒక ఆదివారం ధైర్యం చేసి నా నోట్‌బుక్కు ఆమెకిచ్చాను. మంచం మీద బోర్లా పడుకుని మొత్తం చదివింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. చివరి పేజీ మూసి అంది.

"బాగుండాదిమే. ప్రాసలు నాకంటే నీకే బాగా కుదురుతాండాయి. కానీ దీంట్లో నువ్వు ల్యావు."

చెడుగా అనలేదు. స్నేహితురాలు స్నేహితురాలికి చెప్పాల్సినట్టే చెప్పింది. నేను నవ్వి పుస్తకం తీసుకున్నాను. ఆ తరువాత ఎన్ని రోజులు ఆ మాట నమిలానో లెక్కలేదు.

కాలేజీ వార్షికోత్సవానికి ర్యాప్ బ్యాటిల్ పెట్టారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకరి మీద ఒకరు ఎనిమిదేసి లైన్లు వదలాలి. జనం ఎవరికి ఎక్కువ అరిస్తే వాళ్ళు గెలిచినట్టు. మంజుల పేరిచ్చింది. కాలేజీ మొత్తంలో పేరిచ్చిన అమ్మాయి ఆమె ఒక్కతే. నేను ఇవ్వలేదు. వీడియో తీస్తారు, గంటలో మా పల్లె చేరుతుంది, మా పెదనాయన ఊరుకోడు. అప్పుడు అందరికీ ఇదే చెప్పాను, ఇన్నేళ్ళూ నాకు నేనూ ఇదే చెప్పుకున్నాను. కానీ మా నాన్నను ఒక్కసారైనా అడిగానా? అడగలేదు. ఒప్పుకునేవాడేమో. ఒప్పుకుంటే నేను స్టేజి ఎక్కాల్సి వచ్చేది. ఎక్కితే ఆ లైన్లలో నేను లేనని అందరికీ తెలిసిపోయేది.

మంజులకు ఎదురు పడింది హర్ష. మా పుంగనూరు బస్సు అబ్బాయే. గొంతు బాగుంటుంది, స్టేజి మీద భయం లేదు, రాయడం మాత్రం రాదు. ఏదైనా రాసి పెట్టమని నన్ను అంతకు ముందే రెండుసార్లు అడిగి ఉన్నాడు. ఈసారి నేనే పిలిచాను. మధ్యాహ్నం లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుని నేను చెప్తుంటే వాడు తన చేత్తో రాసుకున్నాడు. నా చేతిరాత ఎక్కడా ఉండకూడదని ముందే అనుకున్నాను. చూశారా, ఎంత జాగ్రత్తో. నాలుగు లైన్లు ఇక్కడ రాస్తాను. తక్కిన నాలుగు ఇంకా నీచంగా ఉంటాయి.

తెల్లబూటు తొడిగినాదే, బిల్లు యాడ, సూపు,
అపార్టుమెంటు చెత్తబుట్టే వీళ్ళమ్మకు షాపు.
గేటుకాడ దొంగలాగ కూసున్యాది పొద్దంతా,
ఆ బూట్లతో స్టేజెక్కి ఈ పాపకి గొప్పంతా.

హర్ష చదువుకుని, "ఇది నిజమా?" అన్నాడు. "నీకెందుకు? పాడు" అన్నాను. ఒక అమ్మాయి రాసిచ్చిందని వాడు చచ్చినా బయటపెట్టడు. ర్యాప్‌లో ఇంకొకరు రాసింది పాడటమంటే పరువు పోయినట్టే. ఆ సంగతి తెలిసే వాడిని ఎంచుకున్నాను.

ముందు మంజుల పాడింది. ఏనుగులు, డబ్బా, మూడు భాషలు. జనం బాగానే అరిచారు. తరువాత హర్ష. మూడో లైనుకు ఈలలు మొదలయ్యాయి. నాలుగో లైనుకు కాలేజీ మొత్తం ఆమె కాళ్ళ వైపు చూసింది. కొందరు వెనక నుంచి "బిల్లు సూపు, బిల్లు సూపు" అని చప్పట్లతో అందుకున్నారు. నేను ఐదో వరుసలో ఉన్నాను. పక్కవాళ్ళతో పాటు నా చేతులు కూడా రెండుసార్లు చప్పట్లు కొట్టాయి. ఎందుకు కొట్టాను? అనుమానం రాకూడదనా? లేక నా లైన్లకు జనం ఊగిపోతున్నారన్న సంతోషమా? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. సంతోషమే. ఒక్క నిమిషం, నా జీవితంలో ఇంకెప్పుడూ రానంత సంతోషం వచ్చింది.

జవాబు చెప్పాల్సిన వంతు మంజులకు వచ్చింది. మైకు నోటి దాకా తెచ్చుకుంది. తన బూట్ల వైపు చూసుకుంది. మైకును నేల మీద మెల్లగా పెట్టి, దిగి వెళ్ళిపోయింది.

నేను ఆగిపోవాల్సింది అక్కడ. ఆగలేదు. రెండో పని అదే.

సాయంత్రం గదిలో ఆమె మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నేను తలుపు మూశాను.

"ఆ సంగతి నీకు తప్ప నేను ఎవురికీ సెప్పలేదుమే" అంది.

"నన్ను అనుమానిస్తాండావా?"

"నిన్నా? నువ్వు యాల చేస్తావు? మా ఇంట్లో తిన్నావు, మా అమ్మను సూసినావు. నువ్వు కాదు. కానీ వానికి ఎట్ల తెలిసింది?"

నేను తెలియదని ఊరుకొని ఉండొచ్చు. ఆమె ఇంకేమీ అడిగేది కాదు. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఆ ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుందని భయం వేసింది.

"అనిత వాళ్ళమ్మ కూడా ఆ అపార్ట్‌మెంట్లోనే కదా పని చేసేది" అన్నాను.

"అనితా?"

"ఏమో. మొన్న క్యాంటీన్ కాడ హర్షతో మాట్లాడతాంటే సూసినా."

అనితది కుప్పంలో మంజుల వాళ్ళ వీధే, రెండిళ్ళ అవతల. బడి రోజుల నుంచి కలిసి పెరిగినవాళ్ళు. మా హాస్టల్లోనే కింది అంతస్తులో ఉండేది. ఆ రోజు హర్షతో మాట్లాడిన మాట నిజమే. ల్యాబ్ రికార్డు అడిగి తీసుకుంటోంది. నేను అబద్ధం ఆడలేదు. నిజాన్నే వాడుకున్నాను, బూట్ల నిజాన్ని వాడుకున్నట్టే.

మంజుల మంచం దిగి చెప్పులేసుకుంది. తరువాత కిందికి పోయింది. అనిత తన తల్లి మీద ఒట్టేసిందట. ఆ కథ మోసిందనుకున్న తల్లి మీదే ఒట్టు వేయడం మంజులకు ఇంకా కోపం తెప్పించింది. నెల తిరక్కుండా అనిత హాస్టల్ వదిలి, మదనపల్లెలోనే ఎవరో చుట్టాలింటికి మారిపోయింది. పోతూ మెట్ల దగ్గర నా వైపు చూసింది. తెలిసి చూసిందో, ఊరికే చూసిందో. ఇప్పటికీ తేల్చుకోలేను.

అక్కడితో పోలేదు. కుప్పంలో ఆ తల్లులిద్దరూ ఎన్నో ఏళ్ళుగా పొద్దున రైల్లో ఒకే సీట్లో పక్కపక్కన కూర్చుని పోయేవాళ్ళు. ఒకరి డబ్బాలోది ఒకరు తినేవాళ్ళు. ఆ తరువాత వేర్వేరు పెట్టెలెక్కడం మొదలుపెట్టారు. మంజుల నాకు ఇదంతా చెప్పుకునేది. నేను వినేదాన్ని. "పోనీలేమే" అని వీపు నిమిరేదాన్ని.

మంజుల మళ్ళీ రాయలేదు. ఒకసారి వాళ్ళమ్మ వేరుశనక్కాయలు తీసుకుని హాస్టల్‌కు వచ్చి, కూతురు స్నానానికి పోయినప్పుడు నన్ను అడిగింది. "యాలమ్మా, నా బిడ్డ నోరు మూసుకుపోయినట్టుండాది? ఇంట్లో ఊరికే గొణుక్కుంటా ఉండేది. ఇప్పుడు అదీ ల్యా." చదువు ఎక్కువైందని చెప్పాను. ఆమె నమ్మి, నా తల మీద చెయ్యి పెట్టి పోయింది.

హర్ష ఎక్కడున్నాడో తెలియదు. నేను పెళ్ళి చేసుకున్నాను. ఉద్యోగం చేస్తున్నాను. బస్సులో ఇప్పటికీ ర్యాప్ వింటాను. ఎవరైనా ఎదుటివాడి తల్లిని, ఇంటిని ఎత్తి పొడిచే పాట వస్తే తీసేస్తాను. అభిమానులు దాన్ని ఆట అంటారు, మనసులో పెట్టుకోకూడదంటారు. ఆట అనగలిగేది దెబ్బ కొట్టినవాళ్ళే. ఏమీ లేనివాళ్ళు తమ పేరు తాము చెప్పుకోవడానికి పుట్టిన పాట అది. ఒకమ్మాయి తన కథ తను చెప్పుకోవాలని దాచుకుంటే, అది ముందే దొంగిలించి, వెక్కిరింపుగా మార్చి, ఆమె ముఖాన కొట్టించాను. ఆమె చెప్పాల్సిన పాటే లేకుండా చేశాను. మామిడి తోటలున్న ఇంటి పిల్లను నేను. నాకు ఏం తక్కువైంది?

పోయిన నెల మంజుల ఫోన్ చేసింది. అనిత వాళ్ళమ్మ పోయిందట. జ్వరమని ఆసుపత్రిలో చేరి, నాలుగు రోజుల్లోనే. "మా అమ్మ సావుకు పోలేదుమే" అంది. "వీధి మలుపులో నిలబడి, పాడె పోయిందాకా సూసి, ఇంట్లోకి వచ్చి అన్నం తినకుండా పండుకుంది. ఇరవై ఏండ్ల స్నేహం వాళ్ళది." తరువాత "పోయినోళ్ళ మీద కోపమేమిటి లే. అనితను కూడా క్షమించేద్దామనుకుంటాండా" అంది.

క్షమించేద్దామనుకుంటోంది. ఏ తప్పూ చేయని అనితను.

అప్పుడు చెప్పాల్సింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. "మంచి పని" అన్నాను. ఫోన్ పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను.

మంజులకు చెప్తానా? తెలియదు. చెప్తే ఆమెకు మిగిలిన ఒక్క స్నేహితురాలు కూడా పోతుందని నాకు నేను సర్ది చెప్పుకుంటున్నాను. అది ఆమె మీద దయ కాదని నాకు తెలుసు. మంజుల వాళ్ళమ్మ దగ్గరికి పోయి చెప్పినా, రైల్లో ఆమె పక్క సీటు ఇప్పుడు ఖాళీ. మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించడానికి మీరెవరు? నేను అడగడానికి నాకేం అర్హత ఉంది?

ఒక్కటే చేయగలిగాను. ఇన్నేళ్ళలో నాలో నేను కూడా ఎప్పుడూ పూర్తిగా అనుకోని మాటను అక్షరాల్లో పెట్టాను. అనిత ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను, రాసింది నేను, ఆ పేరు మంజుల చెవిలో వేసింది నేను. ఇది రాశాక కాస్త ఊపిరాడింది.